అలకమ్మ తిన్న ఆకులు

పొద్దున్నే ఊరి చివరి పరిశోధనశాల వైపు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన ఒక సీటు ఎప్పుడూ ఖాళీగా ఉంటుంది. ఎంత రద్దీగా ఉన్నా కండక్టరు అక్కడ తన సంచీ పెట్టి ఉంచుతాడు. వంతెన దగ్గర నడివయసు దాటిన ఒకావిడ ఎక్కగానే సంచీ తీసేస్తాడు.

"కూర్చో పిన్నీ. కిటికీ తెరిచే ఉంచాను."

ఆ కిటికీ ఆమెకు గాలి ఆడటానికి కాదనీ, ఎన్నిసార్లు ఒళ్ళు రుద్దుకున్నా వదలని మేకల వాసన బయటికి పోవడానికనీ ఇద్దరికీ తెలుసు. అయినా అతను ఆ మాట ఒక్కనాడూ నోట అనలేదు, ఆమె ఒక్కనాడూ నొచ్చుకోలేదు. దిగేటప్పుడు "చల్లగా ఉండు నాయనా" అని దీవించి మరీ దిగుతుంది. తెలిసిన సంగతిని తెలియనట్టు ఉంచడం కూడా ఒక దయే. అలాంటి దయ దొరికిన రోజు మొదలవడమే మంచిగా మొదలవుతుందని ఆమె నమ్మకం.

ఆమెను అందరూ బకెట్ పిన్ని అంటారు. పురుగుమందులు జంతువుల ఒంట్లోకి వెళ్ళాక ఏమవుతాయో, ఎలా బయటికి వస్తాయో చూసే చోట ఆమె పని. మేకల కొట్టం మొత్తం ఆమె చేతి మీదుగా నడుస్తుంది. కొట్టంలో ఓ వైపు సన్నటి చెక్క బోనులు వరసగా ఉంటాయి. మేక నిలబడటానికీ పడుకోవడానికీ చోటుంటుంది కానీ వెనక్కి తిరగడానికి ఉండదు. కింద సందులున్న నేల, దాని కింద ఏటవాలు రేకు. మేక పోసిన నీళ్ళు జారి ఒక బకెట్లో పడతాయి, పెంటికలు జల్లెడ మీద నుంచి దొర్లి పక్కనున్న పళ్ళెంలో పడతాయి. ఏ మేకవి ఆ మేకకు విడిగా తీసి, కొలిచి, సీసాలకెత్తి లోపలికి పంపడం పిన్ని పని. ఒక్క చుక్క ఒలకకూడదు, ఒక్క పెంటిక జారిపోకూడదు.

ఆమె భర్త తాళాలు బాగుచేస్తాడు. బజారులో గొడుగు కింద కూర్చుని ఆకురాయి పట్టి పొద్దంతా తాళంచెవులు అరగదీస్తుంటాడు. చేతికి ఎంత పనో నోటికీ అంత పని.

"అందరి పెళ్ళాలూ మేక దగ్గరికి చెంబు పట్టుకెళ్తే పాలు తెస్తారు. నా పెళ్ళాం ఏం తెస్తుందో చూడండి బాబూ!" అనేవాడు వచ్చినవాళ్ళతో.

"పాలివ్వడం మేక దయ. నీళ్ళు పోయడం దేవుడి దయ. ఒక్క పూట ఆగిపోతే ఎలా ఉంటుందో నీకు నేను చెప్పాలా?" అనేది ఆమె.

ఆ దెబ్బకు అతను తల దించుకుని ఆకురాయి అందుకునేవాడు. ఒకప్పుడు మూత్రంలో రాయి అడ్డుపడి నీళ్ళు బిగిసిపోతే, ఆస్పత్రిలో మంచం పట్టె పట్టుకుని కేకలు పెట్టిన మనిషి. రాయి పడి దారి తెరుచుకున్న ఘడియలో చంటిపిల్లవాడిలా నవ్వాడు. ఆనాటి నుంచి పిన్ని ఏ దేవుడి బొమ్మ కనపడినా అందరూ అడిగేవి అడగదు. "తండ్రీ, లోపలికి వెళ్ళింది బయటికి వచ్చే దారి చూపించావు, అది చాలు" అంటుంది.

ఆ మాట వెనక ఇంకో పాత గాయం ఉంది. ఆమె చిన్నతనంలో పక్క పొలంలో మందు కొట్టారు. గట్టు మీది గడ్డి మేసిన వాళ్ళ మేకలు సాయంత్రానికల్లా నురగ కక్కి పడిపోయాయి. అమ్మ ఒక మేకపిల్ల తలను ఒళ్ళో పెట్టుకుని, "కక్కేయమ్మా, బయటికి పంపెయ్యమ్మా" అని దాని పొట్ట నిమురుతూ కూర్చుంది. అది పంపలేకపోయింది. ఆ పిలుపు మాత్రం కూతురి చెవుల్లో ఉండిపోయింది.

అందుకే పనిలో చేరిన కొత్తల్లో, పరిశోధనశాల నడిపే పెద్ద డాక్టరమ్మను ఆమె నేరుగానే అడిగింది. "ఇంత చదువు చదివి మేక ఉచ్చ కోసం కాసుక్కూర్చుంటారేంటమ్మా?"

డాక్టరమ్మ పకపకా నవ్వింది. పల్చటి మనిషి. జడ ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని ఉంటుంది, దానికోసం ఎప్పుడూ బల్లంతా వెతుకుతూ ఉంటుంది.

"మందు ఒంట్లోకి ఎలా వెళ్తుందో అందరికీ తెలుసు పిన్నీ. ఎలా బయటికి వస్తుందో, ఎన్నాళ్ళకి వస్తుందో చెప్పాల్సింది నీ బకెట్టే. మందు కొట్టిన గట్టు మీద మళ్ళీ మేకల్ని ఎప్పుడు వదలొచ్చు? వాటి పాలు పిల్లలకి ఎప్పుడు పట్టొచ్చు? అది తేల్చడానికే ఈ కాపలా."

"అయితే అది తనంతట తనే వస్తుందా అమ్మా?"

"అన్నీ రావు. చాలా మందులు నూనె జిడ్డు లాంటివి. జిడ్డు గిన్నెని ఉత్త నీళ్ళతో కడిగితే వదుల్తుందా? అలాగే అవి ఉత్త నీళ్ళతో బయటికి పోవు. పిలవని చుట్టంలాగా వచ్చి, మెల్లగా కొవ్వులోకి దూరి కాపురం పెడతాయి. కొన్ని పాలలోకి దిగుతాయి. అప్పుడు మేక కార్జం, అదే కాలేయం, ఏం చేస్తుందంటే..." డాక్టరమ్మ లేచి నిలబడి, పిన్ని చెయ్యి పట్టుకుంది. "ముందు ఇలా చుట్టం చెయ్యి దొరకబుచ్చుకుంటుంది. తర్వాత ఆ చేతికి నీళ్ళంటే ఇష్టమున్న ఒక మూట తగిలిస్తుంది. మూట బరువుతో చుట్టం ఇంక కొవ్వులో దూరలేడు. నీళ్ళ వెంట నడవాల్సిందే. కొందరిని మూత్రపిండాల గుమ్మం దాటిస్తుంది, కొందరిని పైత్యరసంలో కలిపి పేగుల దారిన సాగనంపుతుంది."

అలా అంటూ పిన్నిని నిజంగానే గుమ్మం దాకా నడిపించి వదిలింది.

"తిట్టకుండా, కొట్టకుండా?"

"మూట కట్టిచ్చి మరీ. ఒక్కోసారి మాత్రం చెయ్యి పట్టుకున్నప్పుడే చుట్టం ఇంకా పెచ్చుమీరిపోతాడు. మూట తగిలించేలోపు ఇల్లు పీకి పందిరేస్తాడు. అన్ని జంతువుల దగ్గరా అన్ని మూటలూ ఉండవు కూడా. పిల్లి ఉంది చూడు, మేక తేలిగ్గా పంపేసే కొన్నిటిని పాపం అది పంపలేదు."

ఆ రోజు బస్సులో ఇంటికి వెళ్తూ పిన్ని తన పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. అక్కడ, ఎవరూ చెప్పకుండా, ఎవరూ మెచ్చుకోకుండా, పుట్టినప్పటి నుంచీ ఇంత పని జరుగుతోందా అనుకుంది. ఏనాడూ ఒక్క దండమైనా పెట్టలేదే అని సిగ్గుపడింది. అమ్మ ఒళ్ళోని మేకపిల్ల కూడా చివరిదాకా మూటలు కట్టే ఉంటుంది. చుట్టాలు మరీ మందగా వచ్చిపడ్డారు, అంతే.

కొట్టంలో ఒక్కటే గట్టి నియమం. ఇక్కడిచ్చే దాణా, ఇక్కడి ఎండుగడ్డి, ఇక్కడి నీళ్ళు తప్ప మేక నోట్లోకి బయటిదేదీ పోకూడదు. చేరిన రోజునే డాక్టరమ్మ ఆమె చేత ఒట్టు వేయించుకుంది.

ఒక ఆనవాయితీ కూడా ఉంది. మేకలకిచ్చే మందు జబ్బు చేసేంత కాదు, పొలం పక్క గడ్డిలో దొరికేంత. పని అయ్యాక, ఒళ్ళు శుభ్రపడిందని తేలిన మేకల్ని సాకుతామన్న ఇళ్ళకు ఇచ్చేస్తారు. ఎప్పుడో ఒకసారి మాత్రం కార్జంలోనో కొవ్వులోనో ఏముందో చూడక తప్పని మేకను కోస్తారు. ఆ రోజు అక్కడ పనిచేసే వాళ్ళంతా వచ్చి దాని ముందు మాట్లాడకుండా నిలబడతారు. డాక్టరమ్మ దాని నుదుటి మీద చెయ్యి పెట్టి, "నీ మేలు మర్చిపోం తల్లీ" అంటుంది. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటారు. తర్వాతే అది లోపలికి వెళ్తుంది. దీన్ని వాళ్ళు 'నిలబడటం' అంటారు. ఆ పూట పిన్నికి అన్నం సహించదు. కానీ చెప్పకుండా చంపే లోకంలో, చెప్పి, నిలబడి, తలుచుకునే చోట తనకు పని దొరికిందని ఊరట పడేది.

అప్పుడు వచ్చింది అలకమ్మ.

మేకలకు చెవికి బిళ్ళలే తప్ప పేర్లు ఉండవు. పేరు పెడితే మనసు చిక్కుకుంటుందని డాక్టరమ్మ అంటుంది. కానీ ఆ తెల్లమేకకు కళ్ళ మధ్య ఒక నల్లమచ్చ, ఎవరో ఏదో అన్నారని మొహం ముడుచుకున్నట్టు. బోనులోకి ఎక్కించగానే దాణా వైపు చూడకుండా గోడకేసి తల తిప్పుకుంది. పిన్ని బతిమాలింది. చెవి వెనక గోకింది. అది ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ఇంకాస్త అటు తిరిగింది.

"అబ్బో, అత్తారింటికొచ్చిన కొత్త కోడలు కూడా ఇంత అలగదమ్మా! నీ పేరు అలకమ్మే పో!"

రెండో రోజూ అంతే. తినని మేకతో పని జరగదు. ఇంకొక్క రోజు చూసి దాన్ని తిరిగి సంతకు పంపేస్తామన్నారు. సంతలో ఎవరు కొంటారో పిన్నికి తెలుసు. వాళ్ళు మేకను కొనేది సాకడానికి కాదు.

ఆ సాయంత్రం బస్సు దిగాక కూరగాయల తాత బండి దగ్గర ఆగింది. తాత క్యాబేజీల పైఆకులు వలిచి గంపలో వేస్తున్నాడు.

"ఏమే పిల్లా, మొహం వేలాడేశావు? మొగుడు అలిగాడా?"

"మేక అలిగింది తాతా."

"ఓసి, అదెంత పని! పట్టుకెళ్ళు." గంపలోంచి లేత ఆకులు ఏరి, నీళ్ళు చల్లి, కాగితంలో చుట్టిచ్చాడు. "క్యాబేజీ ఆకు చూసి కూడా అలక మానని మేక నా జన్మలో నాకు కనపళ్ళేదు."

మర్నాడు ఆ ఆకులు క్యారేజీ అడుగుగిన్నెలో కొట్టంలోకి వెళ్ళాయి. ఎవరూ లేనప్పుడు మూత తీసింది. అలకమ్మ ముక్కుపుటాలు కదిలాయి. తల తిప్పింది. కరకరా నమిలేసి, పిన్ని అరచెయ్యి నాకి, ఆ ఊపులోనే దాణా గంపలోనూ మూతి పెట్టింది. పిన్ని కళ్ళు చెమర్చాయి. ఒట్టు గుర్తు రాకపోలేదు. ఆకే కదా, విషం కాదు కదా, ప్రాణం నిలబెట్టే ఆకును దేవుడు తప్పు పడతాడా అని మనసుకు సర్దిచెప్పుకుంది. అక్కడితో ఆపినా బాగుండేది. కానీ ఆకు లేకపోతే అలకమ్మ మళ్ళీ గోడకేసి తిరిగేది. అలా మందు ఇవ్వకముందూ, ఇచ్చాకా, క్యారేజీ అడుగుగిన్నె రోజూ ఖాళీ అవుతూనే ఉంది.

కొన్నాళ్ళకు డాక్టరమ్మ పరుగులాంటి నడకతో కొట్టంలోకి వచ్చింది. జడలో పెన్సిళ్ళు రెండు.

"పిన్నీ! ఈ పిల్ల కార్జం బంగారం! మిగతా మేకలు ఇంకా చుట్టాలతో గుంజాటన పడుతుంటే, ఇది ఎప్పుడో అందర్నీ గుమ్మం దాటించేసింది. దీని ఒంట్లో మందు దాదాపు లేదు."

పిన్ని అలకమ్మ మెడ నిమిరింది. తన బిడ్డకు బడిలో బహుమతి వచ్చినట్టుంది.

"బయటి తిండి ఏమీ పెట్టలేదు కదా?" మామూలుగా, అలవాటు కొద్దీ అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా."

ఆ మాట ఎలా జారిందో పిన్నికే తెలియదు. ఆలోచించే లోపలే నోరు పని కానిచ్చేసింది.

డాక్టరమ్మ తల ఊపింది. చాలాసేపు అలకమ్మనే చూస్తూ నిలబడింది. తర్వాత గొంతు తగ్గించింది. "పుట్టుకతోనే దీని కార్జంలో ఏదో గొప్ప సంగతి ఉండాలి. సూదితో తీసిన పిసరంత ముక్క సరిపోదు. మొత్తం చూడాలి. వచ్చే వారం నిలబడదాం పిన్నీ. నీకు కష్టమని తెలుసు."

పిన్ని చేతిలో ఖాళీ బకెట్ ఉంది కాబట్టి సరిపోయింది. నిండుదైతే ఒలికేది.

ఇంటికి వెళ్ళి కంచం ముందు కూర్చుంది కానీ ముద్ద కలపలేదు. భర్త రెండుమూడుసార్లు చూశాడు.

"ఏంటి, మేక జబ్బు నీకు అంటుకుందా? గోడకేసి తిరుగుతావా ఏంటి?"

ఆమె ఏడుపు ఆపుకోలేక అంతా చెప్పేసింది. ఆకులు, ఒట్టు, అబద్ధం, వచ్చే వారం. "ఆకు వల్లే అలా అయ్యిందో లేదో నాకేం తెలుసు? ఏమీ కాని దానికి నోరు తెరిచి, ఉన్న పని పోగొట్టుకోనా? అక్కణ్ణించి పంపేస్తే నేను ఎక్కడికి పోను? నాకు వచ్చిందీ నచ్చిందీ అదొక్కటే."

తాళాలవాడు ఈసారి వేళాకోళం చేయలేదు. కంచం పక్కకు జరిపాడు.

"నా దగ్గరికి ఒక్కోసారి ఒకాయన పరిగెత్తుకొస్తాడు, తాళంచెవి పోయింది, తలుపు బద్దలు కొట్టమని. నేను ఏమంటానో తెలుసా? ముందు ఇంట్లో అందరి జేబులూ వెతకండి అంటాను. తలుపు మళ్ళీ రాదు కదా. ఇప్పుడు నీ గుప్పిట్లో ఏదో ఉంది. అది ఆ తాళంచెవో కాదో నీకు తెలీదు. గుప్పిట మూసుకుని కూర్చుని, వాళ్ళని తలుపు బద్దలు కొట్టనిస్తావా?"

ఆమె తన గుప్పిట వైపు చూసుకుంది.

"పని పోతే పోనీ. నా గొడుగు కింద ఇంకొకరు కూర్చునే చోటుంది. కాకపోతే వాసన..."

"నోర్ముయ్," అంది ఆమె, ఏడుపులోనే నవ్వొచ్చి.

మర్నాడు పొద్దున డాక్టరమ్మ తన టీ గ్లాసు తనే కడుక్కుంటోంది. పిన్ని వెళ్ళి ఎదురుగా నిలబడింది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. క్యారేజీ విప్పి, అడుగుగిన్నె తీసి, ఖాళీ గిన్నె బల్ల మీద పెట్టింది.

"దీంట్లో తెచ్చానమ్మా. రోజూ. క్యాబేజీ ఆకులు. అది తినట్లేదని. మీరు అడిగితే లేదన్నాను."

కుళాయి నీళ్ళు కాసేపు అలా పడుతూనే ఉన్నాయి. డాక్టరమ్మ కట్టేసింది.

"ఎప్పట్నించి?"

"వచ్చిన మూడో రోజు నించి."

"మందిచ్చాక కూడానా?"

"ఇచ్చాక కూడా."

"నేను అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"భయమమ్మా."

"నేనంటేనా?"

"కాదమ్మా. ఈ గుమ్మం దాటి వెళ్ళిపోవాల్సి వస్తుందని."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. ఆమె మొహం ఎర్రబడటం పిన్ని అంతకుముందు చూడలేదు. "నీకు తెలుసా పిన్నీ? ఆ లెక్క కాగితాలకెక్కి ఉంటే, మందు ఇంత తొందరగా పోతుందని నలుగురికీ చెప్పేవాళ్ళం. ఎక్కడో ఓ తల్లి మన మాట నమ్మి, వేళకి ముందే ఆ పాలు బిడ్డకి పట్టేది." గొంతు పెద్దది కాలేదు. పెద్దది అయినా బాగుండేదనిపించింది పిన్నికి.

తర్వాత డాక్టరమ్మ ఖాళీ గిన్నెను తన వైపు లాక్కుని, అందులో ఏదో కనపడుతున్నట్టు చూసింది. నెమ్మదిగా ఆమె కళ్ళు మారాయి.

"క్యాబేజీ," అంది. "ఆ ఆకు ఘాటు చూశావా? పురుగులు తనని తినకుండా మొక్క తయారు చేసుకున్న మందు అది. కార్జానికి అదీ ఒక చుట్టమే, కాకపోతే కాస్త నెమ్మదస్తుడు. రోజూ చుట్టాలొచ్చే ఇంట్లో ఏమవుతుంది? చేతులు అలవాటుపడతాయి. పనికి మనుషుల్ని ఎక్కువమందిని పెట్టుకుంటారు. నువ్వు ముద్దుగా పెట్టిన ఆకుల్ని సాగనంపడానికి దీని కార్జం బలగాన్ని పెంచుకుని ఉంటుంది. సరిగ్గా అప్పుడు మన మందు గుమ్మంలోకి వచ్చింది. బలగం సిద్ధంగా ఉంది."

"అయితే దాన్ని కొయ్యక్కర్లేదా అమ్మా?"

"నాకు ఇంకా తెలీదు. ఇది నా ఊహ. ఊహని నమ్మి మేకని వదిలెయ్యలేను, కొయ్యనూలేను. ఆకులు మానిపిద్దాం. పెరిగిన బలగం చెదిరిపోయేదాకా ఆగుదాం. మళ్ళీ అదే మందు అంతే ఇద్దాం. నా ఊహ నిజమైతే ఈసారి అందరిలాగే మెల్లగా పంపాలి. అలా కాక మళ్ళీ తొందరగా పంపిందంటే, అది పుట్టుక గుణమే. అప్పుడు నిలబడక తప్పదు." ఆగి, "అది తేలేదాకా నువ్వు కొట్టంలోకి రాకూడదు. సీసాలు కడుగు," అంది.

అదే శిక్ష. దాన్ని శిక్ష అనుకోకుండా పిన్ని రెండు చేతులూ జోడించింది.

సీసాలు కడిగే గది కొట్టాన్ని ఆనుకునే ఉంటుంది. ఆకులు ఆగిన రోజు నుంచీ గోడ అవతల అలకమ్మ అరుపులు వినపడేవి. పిన్నికి చెయ్యి ఆడేది కాదు. ఒక్కసారి 'వస్తున్నా తల్లీ' అందామని నాలుక చివరిదాకా వచ్చేది. సబ్బు నురగలో చేతులు ముంచి బిగబట్టుకునేది. ఈసారి తన గొంతు కూడా ఆ మేక చెవిన పడటానికి వీల్లేదని తనకు తనే ఒట్టు పెట్టుకుంది.

ఆమె బదులు బకెట్లు ఎవరు పడుతున్నారో మొదట తెలియలేదు. ఒక రోజు గోడ అవతల రేకు చప్పుడు, వెంటనే "అయ్యో, నా చెప్పు!" అన్న కేక. డాక్టరమ్మది. ఇంకొకరికి అప్పజెప్పకుండా ఆమే పడుతోంది. ఆ తర్వాత చాలాసేపు మెల్లగా కూనిరాగం వినపడింది. శ్రుతి లేదు, లయ లేదు. అంత చదువుకున్నావిడ ఎండుగడ్డి పరక చేత పట్టుకుని అలిగిన మేక ముందు గొంతుక్కూర్చుని పాడుతోందన్నమాట. పిన్ని సీసా పక్కన పెట్టి విన్నది. రాగం మధ్యలో, గడ్డి నమిలే చప్పుడు మొదలైంది.

ఆ రోజు సాయంత్రం బస్సులో కండక్టరు, "ఏంటి పిన్నీ, ఈమధ్య సబ్బు వాసనొస్తున్నావు? ఉద్యోగం మారిందా?" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు. ఇన్నేళ్ళుగా దాచుకున్న సంగతి బయటపడిపోయింది మరి. పిన్ని నవ్వింది. "నీ కిటికీ మళ్ళీ తెరుచుకునే రోజు రావాలని మొక్కుకో నాయనా" అంది.

బలగం చెదిరేదాకా ఆగారు. మళ్ళీ మందిచ్చారు. సీసాలు లోపలికి వెళ్ళాయి. పిన్ని రోజులు లెక్కపెట్టలేదు, పెడితే కదలవని భయం.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. జడలో పెన్సిలు లేదు. పిన్ని కడుగుతున్న సీసాను పక్కన పెట్టింది.

"వెళ్ళలేదు పిన్నీ," అంది డాక్టరమ్మ. "మందు ఇంకా ఒంట్లోనే ఉంది. అన్ని మేకల్లాగే అదీ తంటాలు పడుతోంది. మామూలు కార్జం. బంగారమూ కాదు, వెండీ కాదు."

విషం ఇంకా ఒంట్లోనే ఉందని విని దేవుడికి దండం పెట్టిన మనిషి ఈ లోకంలో బహుశా ఆమె ఒక్కతేనేమో. తడి చేతులతోనే కళ్ళకు అద్దుకుంది. సబ్బు నురగ కళ్ళల్లో పడి భగ్గుమంది. మంటకు కొంత, సంతోషానికి కొంత, ఏది ఎంతో తెలియకుండా కన్నీళ్ళు కారాయి. డాక్టరమ్మ చెంబుతో నీళ్ళు పోసి మొహం కడిగింది. కడుగుతూనే అంది: "మొదటి లెక్క కొట్టేశాం. కానీ ఆకుల సంగతి వదలను. ఈసారి నియమం ప్రకారం, కొలిచి, కొన్నిటికి పెట్టి కొన్నిటికి పెట్టకుండా చూద్దాం. ఆ ఆకులిచ్చిన తాతని తీసుకురా. నువ్వు కొట్టంలోకి రా. ఇకమీద అడుగుగిన్నె మాత్రం ఖాళీగా తేవాలి."

"ఇంకెప్పుడూ అబద్ధమాడనమ్మా."

"తెలుసు. చెప్పకపోయుంటే ఎవరికీ తెలిసేది కాదు, అయినా చెప్పావు. నాకు అది చాలు."

కూరగాయల తాత బండి మీద ఆ మర్నాటి నుంచి కొత్త గర్వం. కొనేవాళ్ళతో, "నా క్యాబేజీలు డాక్టర్లు పరీక్ష చేస్తున్నారు, తెలుసా?" అనేవాడు. పరీక్ష క్యాబేజీలకు కాదు తాతా, మేకలకు అని పిన్ని ఎన్నిసార్లు చెప్పినా, "రెండూ ఒకటేలే" అనేవాడు.

అలకమ్మ ఒంట్లోంచి చివరి చుట్టం కూడా వెళ్ళిపోయాడని, కొవ్వులోనూ జాడ లేదని తేలేదాకా ఇంకొంత కాలం పట్టింది. సాకే ఇల్లు ఏదని అడగాల్సిన పని లేకపోయింది. "ఒక అలకమ్మ ఇంట్లో ఉండగా ఇంకొకామె కూడానా? నేను గొడుగు కిందే పడుకుంటా," అన్నాడు తాళాలవాడు. అంటూనే పెరట్లో పాకకు తడికలు కట్టి, తలుపుకు తను చేసిన వాటిలో మంచి తాళం పెట్టాడు.

వెళ్ళే రోజు పిన్ని అలకమ్మను తాడు పట్టి గేటు దాకా తెచ్చింది. చూస్తే అక్కడ పనిచేసే వాళ్ళంతా పనులు వదిలి వచ్చి వరసగా నిలబడి ఉన్నారు. ఎవరూ పిలవలేదు. ఎవరూ మాట్లాడలేదు. చావుకు ముందు మాత్రమే నిలబడే చోట, బతికి వెళ్తున్న మేక కోసం నిలబడటం అదే మొదలు. డాక్టరమ్మ ముందుకు వచ్చి ఆ నల్లమచ్చ మీద చెయ్యి పెట్టింది.

"నీ మేలు మర్చిపోం తల్లీ."

అలకమ్మ ఆమె మొహంలోకి చూసింది. నడుము కొంచెం వంచింది. తీరిగ్గా, ధారగా, డాక్టరమ్మ కొత్త చెప్పుల మీద నీళ్ళు పోసింది.

పిన్ని చేతులు అలవాటు కొద్దీ కిందికి వంగాయి, అక్కడ లేని బకెట్ కోసం.

"వదిలెయ్ పిన్నీ," అంది డాక్టరమ్మ నవ్వుతూ, కాలు కూడా జరపకుండా. "ఇది ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు."

ఆ నీళ్ళు చెప్పుల అంచు మీంచి జారి, దుమ్ములో చిన్న కాలువ కట్టి, మెల్లగా మట్టిలోకి ఇంకిపోయాయి. పూర్తిగా ఇంకేదాకా పిన్ని చేతులు జోడించుకుని చూస్తూ నిలబడింది.